ఆశ అడుగంటిన చోట ఏం చేస్తాం?

వాతావరణ మార్పు గురించి ఎవరు మాట్లాడినా చివర్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: “ఇంతకీ ఆశ ఉందంటారా?” సభలో శాస్త్రవేత్తని అడుగుతారు, టీవీలో యాంకర్ అడుగుతుంది, ఇంట్లో పిల్లలు అడుగుతారు. ఏ జవాబు కావాలో అడిగేవాళ్ళ మొహంలోనే తెలిసిపోతుంది. “ఉంది” అనాలి. అంటే హమ్మయ్య అనుకుని ఎవరి పనిలో వాళ్ళు పడొచ్చు. “లేదు” అన్నా చిత్రంగా అదే జరుగుతుంది, కాకపోతే కాస్త బరువుగా లేచి వెళ్తారు. రెండు జవాబుల్లో ఏది విన్నా మర్నాడు చేసే పనిలో పెద్ద తేడా ఉండదు. అందుకే నాకు ఆ జవాబుల కంటే ఆ ప్రశ్న మీదే అనుమానం ఎక్కువ.

ఆ ప్రశ్న వెనక ఒక ఊహ దాగి ఉంది. భూమి వేడెక్కడం పరీక్ష లాంటిదనీ, పాసో ఫెయిలో ఏదో ఒకటే ఉంటుందనీ, గీత దాటితే అంతా అయిపోయినట్టేననీ. 1.5 డిగ్రీలు, 2 డిగ్రీలు అని వార్తల్లో పదేపదే వినడంతో ఈ ఊహ ఇంకా బలపడింది. వాతావరణం అలా పనిచేయదు. అదెలా పనిచేస్తుందో కాస్త ఓపిగ్గా చూస్తే ఆశ గురించిన గొడవలో సగం అక్కడే తేలిపోతుంది.

లెక్క ఎలా నడుస్తుంది

బొగ్గు, చమురు, గ్యాస్ పెద్దఎత్తున కాల్చడం మొదలవకముందు గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో సుమారు 280 కార్బన్ డయాక్సైడ్‌వి ఉండేవి. 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద క్రమంగా కొలవడం మొదలుపెట్టేసరికి అవి 315 దగ్గరున్నాయి. 2024 సగటు 424 దాటింది. వేడిని పట్టి ఉంచే ఈ వాయువు ఒకసారి గాలిలో చేరిందంటే త్వరగా పోదు. కొంత సముద్రాలు, చెట్లు, నేల పీల్చుకుంటాయి. మిగిలినదాంట్లో ఒక వాటా వేల ఏళ్ళు అలాగే ఉండిపోతుంది. వందేళ్ళ కిందట ఏదో రైలింజన్‌లో కాలిన బొగ్గు ప్రభావం ఇవాళ్టి ఎండలో కూడా ఇసుమంత ఉంది.

ఐక్యరాజ్యసమితి తరఫున వాతావరణ శాస్త్రాన్ని మదింపు చేసే ఐపీసీసీ దీనికో సులువైన లెక్క ఇచ్చింది. లక్ష కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వదిలితే భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 0.45 డిగ్రీ పెరుగుతుంది. ప్రపంచం మొత్తం ఇప్పుడు ఏడాదికి దాదాపు 4,000 కోట్ల టన్నులు వదులుతోంది. భాగించి చూస్తే ఏడాదికి 0.02 డిగ్రీ కంటే ఓ పిసరు తక్కువ. మీథేన్ లాంటి ఇతర వాయువుల వేడి దీనికి అదనం.

ఈ లెక్కలో నాకు ముఖ్యంగా కనిపించేది అంకె కాదు, దాని తీరు. అది దాదాపు ఒక సరళరేఖ. ఎన్ని టన్నులు వదిలితే అంత వేడి. మొదటి టన్ను ఎంత చెడ్డదో ఈ రోజు వదిలే టన్నూ అంతే చెడ్డది, 2060లో వదలబోయేదీ అంతే. “ఇప్పటికే ఆలస్యమైంది కాబట్టి ఇక ఈ ఒక్క టన్ను ఆపి ఏం లాభం” అనే వాదనకి ఈ రేఖ మీద ఎక్కడా చోటు లేదు.

మరి 1.5 ఏమిటి? 2015లో పారిస్‌లో దేశాలన్నీ కలిసి రాసుకున్న లక్ష్యం అది. సముద్రంలో మునిగిపోయే ప్రమాదం ఉన్న చిన్న ద్వీప దేశాలు పట్టుబట్టి ఆ అంకెని ఒప్పందంలో పెట్టించాయి. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కప్రకారం 2024 సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందు కంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. ఒక్క ఏడాది దాటినంత మాత్రాన ఒప్పందం తప్పినట్టు కాదు, దీర్ఘకాల సగటు చూడాలి. అయినా నీళ్ళు నమలకుండా చెప్పుకుందాం: ఆ సగటు కూడా త్వరలో 1.5 దాటబోతోంది. దాటిన మర్నాడు ఏమవుతుంది? 1.6ని ఆపే పని మిగులుతుంది. దాని తర్వాత 1.7ని ఆపే పని.

పదో వంతు డిగ్రీకి అంత విలువ ఉందా అనిపించవచ్చు. పాత వాతావరణంలో పదేళ్ళకోసారి వచ్చే తీవ్రమైన వేడి, భూమి 1 డిగ్రీ వేడెక్కేసరికి అదే పదేళ్ళలో దాదాపు మూడుసార్లు వస్తోంది. 1.5 దగ్గర నాలుగుసార్లు, 2 దగ్గర అయిదారుసార్లు, 4 డిగ్రీలైతే తొమ్మిదిసార్లకి పైగా. పగడపు దిబ్బల సంగతి ఇంకా కటువుగా ఉంటుంది. 1.5 దగ్గర 70 నుంచి 90 శాతం పోతాయని ఐపీసీసీ 2018 నివేదిక అంచనా, 2 డిగ్రీల దగ్గర 99 శాతానికి పైగా. పదో వంతు మిగలడానికీ ఏమీ మిగలకపోవడానికీ మధ్య దూరం అర డిగ్రీ.

ఈ సరళరేఖ మీద కొన్ని గోతులు లేకపోలేదు. గ్రీన్‌లాండ్, పశ్చిమ అంటార్కిటికా మంచు ఫలకాలు ఒక స్థాయి దాటాక తమంతట తామే కరుగుతూ పోవచ్చు. ఏ ఉష్ణోగ్రత దగ్గర అనేది ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. గొయ్యి ఎక్కడుందో తెలియని చీకట్లో అడుగు నెమ్మదించడమే తెలివి, వేగం పెంచడం కాదు. కాబట్టి ఈ గోతులు కూడా ప్రతి టన్నూ లెక్కలోకి వస్తుందనే మాటనే బలపరుస్తాయి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు నికరంగా సున్నాకి చేరితే, అంటే వదిలేది ఎంతో వెనక్కి తీసేది అంత అయితే, వేడెక్కడం కూడా దాదాపు అక్కడితో ఆగుతుందని ఇప్పటి శాస్త్రం చెబుతోంది. “ఏం చేసినా ఇంకో రెండు డిగ్రీలు ఖాయం” అనేది నిజం కాదు. అలాగని పాత చల్లదనం తిరిగి రాదు. చేరిన వేడి చేరినట్టే ఉంటుంది, సముద్రమట్టం శతాబ్దాల పాటు పెరుగుతూనే పోతుంది. 1901 నుంచి 2018 మధ్య ఇప్పటికే 20 సెంటీమీటర్లు పెరిగింది.

ఇప్పుడు మళ్ళీ ఆ ప్రశ్నకి వద్దాం. ఆశ ఉందా? దేని గురించి అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మన తాతల నాటి వాతావరణం తిరిగి వస్తుందా అంటే రాదు, అబద్ధం చెప్పి లాభం లేదు. 2 డిగ్రీల లోపే ఆపగలమా అంటే, అది ఇంకా ఎవరూ తేల్చని విషయం. 3 కాకుండా 2.5 దగ్గర ఆగితే కోట్లమంది బతుకుల్లో తేడా ఉంటుందా అంటే, కచ్చితంగా ఉంటుంది. ఒకే సమస్యలో ఒకచోట చావు కబురు, ఒకచోట అనిశ్చితి, ఒకచోట చేతినిండా పని. వీటన్నిటికీ కలిపి ఉందనో లేదనో ఒక్క మాటలో చెప్పేయడం కుదరదు.

ఆశ చేసే మోసాలు

ఆశ చెడ్డదని నేననను. కానీ మనం ఎక్కువగా వాడుకునే ఆశకి ఒక గుణముంది: అది ఫలితానికి కట్టేసి ఉంటుంది. ఫలితం బాగుంటుందనిపించినంతసేపే ఒళ్ళు వంగుతుంది. వార్తలు బాగున్న వారం ఉత్సాహం, బాగాలేని వారం నీరసం. వాతావరణం విషయంలో బాగాలేని వారాలే ఎక్కువ కాబట్టి ఇలాంటి ఆశ మీద నడిచే మనిషి ఎంతో దూరం నడవలేడు.

మొదటి మోసం, ఎవరో ఏదో కనిపెడతార్లే అన్నది. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని నేరుగా లాగే యంత్రాల గురించి వినే ఉంటారు. ఐస్‌లాండ్‌లో 2024 మేలో ‘మామత్’ అనే ప్లాంట్ ప్రారంభమైంది. అప్పటికి ప్రపంచంలో ఈ రకం ప్లాంట్లలో అదే పెద్దది. పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే ఏడాదికి 36,000 టన్నులు లాగేలా దాన్ని రూపొందించారు. ప్రపంచం అంత మొత్తాన్ని అర నిమిషంలో గాలిలోకి వదిలేస్తుంది. ఏడాది పొడవునా యంత్రం తిరిగితే అర నిమిషం వెనక్కి వెళ్తాం. ఇలాంటి యంత్రాలు వద్దని కాదు, సిమెంట్, విమానాల లాంటి మొండి రంగాలకి రేపు అవసరం పడొచ్చు. కానీ వీటిని చూపించి బొగ్గు ప్లాంట్లు మూయడం వాయిదా వేస్తే అది దింపుడు కళ్ళం ఆశే.

రెండోది మొదటిదాని కడుపున పుట్టిందే. ఆశ పెట్టుకుని, అది కూలాక, “అంతా అయిపోయింది” అనడం. చూడ్డానికి ఇది పెద్ద నిజాయితీలా, లోకం పోకడ తెలిసినవాడి మాటలా ఉంటుంది. నాకు మాత్రం ఇందులో సుఖం వెతుక్కోవడమే కనిపిస్తుంది. ఏదైనా చేయాల్సి ఉంటుందనే బరువు దిగిపోతుంది కదా. పైగా ఇది లెక్కకి కూడా నిలబడదు. పారిస్ ఒప్పందం నాటికి ప్రపంచం ఈ శతాబ్దం చివరికి దాదాపు 4 డిగ్రీల వైపు వెళ్తోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అంచనా. 2025లో అదే సంస్థ లెక్క, ఇప్పుడున్న విధానాలతో 2.8. ఇది చాలదు, 2.8 డిగ్రీల లోకం భయంకరమైన లోకం. కానీ ఆ ఒకటికి పైగా డిగ్రీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2010 నుంచి 2019 మధ్య సౌర విద్యుత్ ఖర్చు 85 శాతం, పవన విద్యుత్ ఖర్చు 55 శాతం, లిథియం బ్యాటరీల ఖర్చు 85 శాతం తగ్గాయి. లాభం రాని రోజుల్లో సబ్సిడీలు ఇచ్చిన ప్రభుత్వాలు, ఏళ్ళ తరబడి ప్యానెళ్ళని మెరుగు చేసిన ఇంజనీర్లు, వీధుల్లో కూర్చున్న జనం, వీళ్ళందరి పని అది.

ఇదంతా యువతరం మనసు మీద ఎలా పడుతోందో 2021లో పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ళ వయసున్న పదివేలమందిని అడిగిన సర్వేలో బయటపడింది. 59 శాతం తీవ్రమైన ఆందోళనలో ఉన్నామన్నారు. 75 శాతం భవిష్యత్తు భయపెడుతోందన్నారు. రోజువారీ బతుకు మీద కూడా దీని ప్రభావం పడుతోందని 45 శాతానికి పైగా చెప్పారు. ఇంత టెన్షన్ పడుతున్న పిల్లలకి “ఏం కాదులే” అని చెప్పడం అబద్ధం, “మీ తలరాత అంతే” అనడం క్రూరత్వం. స్వీడన్ పరిశోధకురాలు మరియా ఓయాలా అక్కడి యువతలో గమనించిన విషయం ఇక్కడ పనికొస్తుంది. సమస్య అంత పెద్దదేం కాదని అనుకుంటూ తెచ్చుకునే ఆశ ఉన్నవాళ్ళు పర్యావరణం కోసం తక్కువ పనిచేస్తున్నారు. సమస్యని ఒప్పుకుని, తామూ ఇతరులూ చేస్తున్న పని మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ చేస్తున్నారు. ఈ రెండో రకాన్ని ఆమె ఆశ అనే పిలిచారు. నన్నడిగితే అందులో ధైర్యం పాలే ఎక్కువ.

ధైర్యం ఎలా ఉంటుంది

ధైర్యం అనగానే ఒంటరి వీరుడో, గ్రెటా థన్‌బర్గ్‌లా పడవలో సముద్రం దాటే అమ్మాయో గుర్తొస్తారు. నాకు గుర్తొచ్చేది బంగ్లాదేశ్ తీరంలో మెగాఫోన్ పట్టుకుని తిరిగే వాలంటీర్.

1970 నవంబర్‌లో, అప్పటికింకా తూర్పు పాకిస్తాన్‌గా ఉన్న ఆ తీరాన్ని భోలా తుఫాను ముంచేసింది. చనిపోయినవాళ్ళ సంఖ్య మూడు నుంచి అయిదు లక్షలని అంచనా. కొత్తగా పుట్టిన దేశం, చేతిలో డబ్బు లేదు, తుఫానులు ఆగవని అందరికీ తెలుసు. ఆ పరిస్థితిలో రెడ్‌క్రాస్‌తో కలిసి తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టారు. పద్ధతి చాలా మామూలుది: ప్రతి ఊళ్ళో వాలంటీర్లు, వాళ్ళకి రేడియో, ప్రమాద స్థాయిని చెప్పే జెండాలు, మెగాఫోన్, చేత్తో తిప్పే సైరన్. ఆ తర్వాత ఎత్తయిన కాంక్రీటు షెల్టర్లు, కరకట్టలు.

ఫలితం వెంటనే కనిపించలేదు. 1991 తుఫానులో మళ్ళీ సుమారు 1,38,000 మంది చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. హెచ్చరిక అందినా ఇల్లు, పిల్లలు, పశువులు వదిలి మగవాళ్ళతో కిక్కిరిసిన షెల్టర్‌కి వెళ్ళడానికి వాళ్ళు వెనకాడారు. ఆశ మీద నడిచే కార్యక్రమమైతే 1991తో మూతపడేది, ఇరవై ఏళ్ళ శ్రమకి ఇదా ఫలితం అని. వాళ్ళు తప్పెక్కడ జరిగిందో వెతికారు. షెల్టర్లు పెంచారు, వాటిలో ఆడవాళ్ళకి వేరే గదులు ఏర్పాటు చేశారు, కాలక్రమంలో వాలంటీర్లుగా ఆడవాళ్ళని చేర్చుకున్నారు. ఇప్పుడు 76,000 మంది వాలంటీర్లలో సగం ఆడవాళ్ళే. 2007లో సిడర్ వచ్చినప్పుడు మరణాలు మూడు వేల నాలుగొందలకి పైగా. 2020లో అంఫాన్ అప్పుడు కరోనా మధ్యలోనే బంగ్లాదేశ్ 20 లక్షల మందికి పైగా జనాన్ని తరలించింది. ఆ దేశంలో మరణాలు పదుల్లోనే ఉన్నాయి.

సముద్రం ఎత్తు పెరుగుతోంది, ఉప్పునీరు పొలాల్లోకి వస్తోంది, తుఫానులు బలహీనపడలేదు. వాతావరణం పరంగా చూస్తే అక్కడ ఆశ పెట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చావులు మాత్రం తగ్గాయి, ఎందుకంటే ఎవరూ “తుఫాను రాకుండా పోతుందా” అని అడగలేదు. “వస్తుంది, అప్పుడు ఎవరు ఎవరి తలుపు కొట్టాలి” అని అడిగారు.

ఇంకో రకం ధైర్యం వనువాటు నుంచి వచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలో మూడు లక్షల పైచిలుకు జనం ఉన్న చిన్న ద్వీప దేశం అది. 2019లో అక్కడి సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో 27 మంది లా విద్యార్థులు ఒక ఆలోచన చేశారు: వాతావరణాన్ని పాడుచేసే దేశాలకి చట్టం ప్రకారం ఏ బాధ్యతలున్నాయో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగిస్తే? తరగతి గదిలో పుట్టిన ఇలాంటి ఆలోచనలు మామూలుగా తరగతి గదిలోనే చస్తాయి. వీళ్ళు పసిఫిక్ దేశాల ప్రభుత్వాలన్నిటికీ ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం భుజానికెత్తుకుంది. 2023 మార్చి మొదట్లో జూడీ, కెవిన్ అనే రెండు తుఫానులు రోజుల తేడాతో ఆ దేశాన్ని చావబాదాయి. అదే నెల 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్నని న్యాయస్థానానికి పంపింది. 2025 జులై 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అభిప్రాయం చెప్పారు. వాతావరణానికి పెద్ద హాని జరగకుండా చూడటం దేశాల చట్టబద్ధమైన బాధ్యత, దాన్ని తప్పితే నష్టపరిహారం దాకా వెళ్ళొచ్చు, శిలాజ ఇంధనాలకి లైసెన్సులు, సబ్సిడీలు ఇవ్వడం కూడా ఆ తప్పు కిందికి రావచ్చు.

అది సలహా మాత్రమే, ఏ దేశాన్నీ నేరుగా కట్టిపడేయదు. ఆ విద్యార్థుల ద్వీపాల చుట్టూ నీళ్ళు ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గలేదు. అయితే ఇకమీదట ఏ దేశంలో ఏ కోర్టుకెళ్ళినా ఎత్తి చూపడానికి ఒక పత్రం ఉంది. ఆరేళ్ళ పని అది. మొదలుపెట్టిన రోజు గెలుస్తారని పందెం కాసేవాళ్ళెవరూ దొరికి ఉండరు.

పోయినదాన్ని పోయిందని చెప్పడం

ధైర్యంలో ఒక భాగం గురించి ఉద్యమాలు తక్కువ మాట్లాడతాయి. నష్టాన్ని ఒప్పుకోవడం గురించి. జనం నీరుగారిపోతారని భయం కాబోలు.

ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదం ఉండేది. కదలడానికి సరిపడా మందం లేకుండా పోయిందని 2014లో దాన్ని హిమానీనదాల జాబితాలోంచి తీసేశారు. 2019లో జనం కొండెక్కి అక్కడొక ఫలకం పెట్టారు. ఏం జరుగుతోందో, ఏం చేయాలో మాకు తెలుసు, చేశామో లేదో మీకే తెలియాలి అని భవిష్యత్తు మనుషులని ఉద్దేశించి దాని మీద రాశారు. ఆ నాటి కార్బన్ డయాక్సైడ్ స్థాయి 415 అని కూడా చెక్కారు. సంతాపమూ సాక్ష్యమూ ఒకే రాతి మీద.

పనామా తీరంలో గార్డి సుగ్దుబ్ అనే చిన్న ద్వీపం మీద గూనా జాతి జనం తరతరాలుగా బతికారు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఇరుకు ద్వీపం. ఏటా అలలు లోపలికి వచ్చేవి. 2010 ప్రాంతంలోనే అక్కడి పెద్దలు వెళ్ళిపోదామని నిర్ణయించుకుని, తీరం మీద తమ జాతి సొంత భూమిలో స్థలం చూసుకుని, ప్రభుత్వం వెంటపడ్డారు. 2024 జూన్‌లో సుమారు 300 కుటుంబాలు కొత్త ఊరికి మారాయి. కొందరు మాత్రం ద్వీపం వదలమని ఉండిపోయారు. దీన్ని ఓటమి అనొచ్చు. అయితే ఎవరో బలవంతంగా లారీల్లో ఎక్కించడానికీ, తామే సమయం, చోటు, పక్కింటివాళ్ళెవరో ఎంచుకుని కదలడానికీ చాలా తేడా ఉంది. ఆ ఎంపికకి వ్యవధి దొరికింది పద్నాలుగేళ్ళ ముందే నిజం ఒప్పుకున్నందువల్ల. అన్నీ సర్దుకుంటాయని కూర్చున్న తీరాలకి ఆ వ్యవధి దొరకదు.

ఎవరి ధైర్యం?

ఇక్కడ నాకో అనుమానం ఉంది, దాచుకోను. “ధైర్యంగా ఉండండి” అనే మాట పైనున్నవాళ్ళ నోట్లో చాలా సుఖంగా పలుకుతుంది. ముంపు ప్రాంతం వాళ్ళని ఎంత గట్టివాళ్ళో అని పొగిడి, ముంపు ఆపే పని పక్కన పెట్టేయడం కొత్తేమీ కాదు. ప్రపంచ కుటుంబాల్లో ఎక్కువ ఉద్గారాలున్న పది శాతమే మొత్తం గృహ ఉద్గారాల్లో 34 నుంచి 45 శాతానికి కారణమని ఐపీసీసీ చెప్పింది. పేద దేశాలకి జరిగే నష్టాల కోసం 2022లో ఒప్పుకున్న నిధికి మరుసటి ఏడాది దుబాయ్ సదస్సులో ధనిక దేశాలు కలిపి వాగ్దానం చేసింది సుమారు 70 కోట్ల డాలర్లు. జరుగుతున్న నష్టం ముందు అది ఏ మూలకీ చాలదు.

ధైర్యానికి ఖరీదు కూడా అందరికీ ఒకటి కాదు. హోండురాస్‌లో తమ లెంకా జాతి నది మీద ఆనకట్ట వద్దని పోరాడిన బెర్తా కాసెరెస్‌ని 2016 మార్చిలో ఇంట్లోనే కాల్చి చంపారు. భూమిని, అడవిని కాపాడుతూ 2012 నుంచి 2023 మధ్య ప్రపంచంలో 2,100 మందికి పైగా హత్యకి గురయ్యారని గ్లోబల్ విట్‌నెస్ సంస్థ లెక్కతేల్చింది. వీళ్ళ ముందు నిలబడి ఏసీ గదిలోంచి ధైర్యం గురించి వ్యాసాలు రాయడం (ఇదీ అందులో ఒకటే) కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కాబట్టి మాట సూటిగా అనుకోవాలి. ప్రాణం పణంగా పెట్టే ధైర్యం ఎవరినీ అడిగే హక్కు మనకి లేదు. అడగాల్సింది పదవి, పెట్టుబడి, ఓటు చేతిలో ఉన్నవాళ్ళ ధైర్యం. చమురు బావికి కొత్త లైసెన్స్ ఇవ్వనని చెప్పే మంత్రి పోగొట్టుకునేది మహా అయితే ఒక ఎన్నిక.

మామూలు జనం సంగతేమిటి? 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగి 2024లో ప్రచురించిన ఒక అధ్యయనం నాకు బాగా నచ్చింది. వాతావరణం కోసం నెల సంపాదనలో ఒక శాతం ఇవ్వడానికి 69 శాతం సిద్ధమన్నారు. ప్రభుత్వాలు ఇంకా చేయాలని 89 శాతం కోరారు. అయితే మీ దేశంలో మిగతావాళ్ళలో ఎంతమంది ఆ ఒక శాతం ఇస్తారని అడిగితే సగటు అంచనా 43. అంటే ప్రతివాడూ తను ఒప్పుకుంటూ, పక్కవాడు ఒప్పుకోడని అనుకుంటున్నాడు. అందుకే ఆఫీసు మీటింగ్‌లో, కుటుంబం కూర్చున్నచోట, పార్టీ కార్యకర్త గుమ్మంలోకి వచ్చినప్పుడు ఈ విషయం ఎవరూ ఎత్తరు. గదిలో ఉన్న ధైర్యం ఒకరిదొకరికి కనిపించదు, అంతే. దీనికి మందు పెద్ద కష్టమైందేం కాదు: మన అభిప్రాయం పదిమందిలో పైకి చెప్పడం, ఆ చెప్పేది ఒంటరిగా కాక ఏదో ఒక బృందంతో కలిసి చెప్పడం.

స్విట్జర్లాండ్‌లో వయసు మళ్ళిన ఆడవాళ్ళు చేసింది ఇదే. వడగాలులకి ఎక్కువగా చనిపోయేది తమలాంటి ముసలివాళ్ళేనని, ప్రభుత్వం తగినంత చేయడం లేదని 2016లో ఒక సంఘంగా చేరి దావా వేశారు. సభ్యులు రెండు వేలకి పైగా, సగటు వయసు 73. స్వదేశంలో కోర్టులన్నీ కొట్టేశాయి. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్ళి 2024 ఏప్రిల్ 9న గెలిచారు. ఆ జూన్‌లో వాళ్ళ పార్లమెంటే ఆ తీర్పుకి ఇంతకంటే ఏం చేయనక్కర్లేదని తీర్మానం చేసింది. ఆ న్యాయస్థానం తీర్పుల అమలుని చూసే కౌన్సిల్ ఆఫ్ యూరప్ మంత్రుల కమిటీ మాత్రం 2025లో స్విట్జర్లాండ్‌ని మరిన్ని వివరణలు అడిగింది. ఈ దావా వల్ల తగ్గే వేడిని అందులో చాలామంది చూడరు. ఆ సంగతి దావా వేసేనాటికే వాళ్ళకి తెలుసు.